పద్నాలుగో సీటు తువ్వాల

కోరుట్లల ఇల్లు. లాప్‌టాప్ ముంగట మనుమరాలు శ్రీలత. గడపల తాత రాజన్న. లోపలి అర్రల బాపమ్మ సత్తవ్వ బియ్యం చెరుగుతున్నది.

"మల్ల గదే తాతా. గంగారాం పేరు రావాల్సిన కాడ ఫైజల్ అని అచ్చింది."

"ఫైజల్ గూడ మనోడేనాయె."

"మనోడైతేంది? టికెట్ మీద ఒక పేరు, పాస్‌పోర్ట్ మీద ఒక పేరు ఉంటె ఇమానం ఎక్కనిస్తరా? దుబాయ్ క్యాంపుల ముప్పై మంది పనిలేక చిక్కుకున్నరు. వాళ్ళను ఇంటికి తెచ్చెటందుకు నాలుగింటికల్ల నేను టికెట్ల లిస్టు పంపాలె. తప్పు పోయిందనుకో, ఆడనే పడుంటరు."

"పేరుదేముంది బిడ్డ. ఎక్కి కూసుంటె బండి అదే తీస్కపోతది."

"నీకు తెల్వది. ఇటు ఇను. కంప్యూటర్ల రెండు భాషలు పని చేస్తయ్, ఇద్దరు మనుషులనుకో. పైథాన్ అని ఒకడుంటడు. పేర్లన్ని వాని తాననే."

"ఆఁ."

"టికెట్ కొట్టెటోడు ఇంకొకడు. వాని పేరు సి. వాడు పేరు రాసుకోడు, టైమ్ అయితదని. ఫలాన జాగల ఉన్నదని గుర్తు వెట్టుకుంటడు. గంతే. గా జాగనే బఫర్ అంటరు."

"మంచిగనే ఉన్నది గద."

"ఏడ మంచి? ఎవలు చూస్తలేరు గద అని పైథాన్ గంగారాంను లేపుతడు. గా జాగల ఫైజల్‌ను కూసోవెడతడు. సి అచ్చి గదే జాగ చూస్తడు. ఉన్నోని పేరు కొడతడు."

"అంటే సీటు నంబరే చూస్తడు. మొకం చూడడు."

"గంతే."

"బొంబాయి కాడ భీవండిల మా మేస్త్రి గూడ గట్లనే... పోనీ తియ్. తువ్వాల ఎయ్యలేదా మీవోడు?"

"తువ్వాలేంది?"

"బస్సు రాంగనె కిటికీలకెళ్ళి సీటు మీద తువ్వాల ఎయ్యమా? తువ్వాల ఉంటె ఎవలన్న కూసుంటరా?"

"ఆగు."

"ఆగిన."

"ఆగు తాతా. ఎయ్యలేదు. సి తువ్వాల ఎయ్యనే లేదు. ఏస్తె పైథాన్ లేపడు. పని అయినంక తీస్తె చాలు."

"తియ్యకుంటె బొంబాయి దాక సీటు ఖాళీగ పోతది. జనమంత నిలవడి పోవుడే."

"మాట్లాడకు, రాస్తున్న... అయింది. గంగారాం కాడ గంగారాం. ఫైజల్ కాడ ఫైజల్. ముప్పై మంది సక్కగున్నరు. పంపిన."

"పంపినవా. ఇగ చాయ తాగు."

"నీకు గిది ఎట్ల తట్టింది?"

"చాయ సల్లారుతది."

"చాయ ఇంక పెట్టనే లేదు. మేస్త్రి ఏం జేసిండు?"

"మెల్లగ మాట్లాడు. మీ బాపమ్మ ఇంటది. కరువు యాడాది. చెట్లల్ల కల్లు లేదు. మేడిపల్లికెళ్ళి నడుసుకుంట కోరుట్ల బస్టాండ్‌కు అచ్చిన. సిరిసిల్లకెళ్ళి బస్సు అచ్చి ఆగింది. సాంచెల మీద బట్ట నేసెటోళ్ళను భీవండి కొండవోతున్నది."

"నువ్వు గూడ నేసెటోనివే గద."

"తాటిచెట్టెక్కెటోన్ని. అప్పటిదాక సాంచె సుత సూడలే. పద్నాలుగో సీట్ల తువ్వాల ఉన్నది, మనిషి లేడు. సోడా తాగ దిగిండట."

"తువ్వాల ఉంటె ఎవలు కూసోరంటివి."

"కాళ్ళు గుంజినయ్. కూసున్న. బస్సు కదిలింది. ఆయన రాలే, ఎనక గూడ ఏడ కానరాలే. భీవండిల దిగినంక మేస్త్రి కాయితం సూసి, పద్నాలుగు, రాజన్న, అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఆఁ అన్న."

"ఆఁ అన్నవా? మరి నువ్వెవరు?"

"ఓదెలు."

"నలభై ఏండ్ల సంది?"

"ఎవడు ఆపలే. సాంచె నేర్సుకున్న. రెండేండ్లకు ఒకాయన తన మేనకోడలిని తీస్కచ్చి, రాజన్నకు అనుకున్న పిల్ల అన్నడు. ఆయనకు పేరే ఎరుక, మొకం తెల్వది. కాదంటె పని పోతది. పెండ్లి జేసుకున్న."

"గా పిల్ల బాపమ్మనా?"

"మెల్లగ."

"బాపమ్మకు తెల్వదా?"

"ఏం తెలుస్తది. రాజన్నను ఆమె ఎన్నడు సూసింది గనక? తువ్వాల గూడ సందుగ అడుగుకు దాసిన. కొసకు ఎర్ర దారంతోని ఏందో కుట్టి ఉన్నది. నాకు సదువు రాదాయె."

"ఏమయ్యా, చెవుడు నీకు. నాకు గాదు."

"సత్తవ్వా, గది..."

"గా ఎర్ర దారం రాజన్న పేరు. ఆయన బస్సెక్కంగ కుట్టి చేతుల వెట్టింది నేనే."