బంతిదండా, ఆగిపోయిన గడియారమూ

“మామ్మా, ఫ్రిజ్జుకి కూడా బొట్టు పెట్టారు. ఈ గోడ గడియారానికి ఏమీ పెట్టలేదేం? పైగా మొన్నటినుంచి ఆపేశారు,” అన్నాను. పెళ్ళై వచ్చాక ఈ బరంపురం ఇంట్లో నాకిది మొదటి దసరా. మా ఆయన నాయనమ్మ ఒత్తులు చేస్తూ తలెత్తింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాను.

అదా. కూకో, సెప్తాను. నీలాగే నాకూ ఈ ఇంట్లో మొదటి దసరా అప్పుడు. మాది దిగపహండి, తెల్సుకదా. బస్సెక్కితే ఇక్కడికి అర్ధరూపాయో, కాదు కాదు, ముప్పావలా. సరే, అదెందుకులే.

పప్పుల కొట్టు ముందర, ఇల్లు ఎనకాల. దసరాకి కాటా, తూకం రాళ్ళు, కత్తిపీట, అన్నిటికీ పూజ. ఒడియా వాళ్ళు విశ్వకర్మ పూజకి సేస్తారు, మనం ఇప్పుడు సేస్తాం, అంతే తేడా. పూజలో పెట్టినదాన్ని దశమి దాకా ఎవులూ ముట్టుకోకూడదు. పువ్వు వాడిపోయినా తియ్యకూడదు. అది మా అత్త పట్టు.

“కొత్త పిల్లవి, అన్నిటికీ నువ్వే దండలెయ్యి బొట్టీ” అన్నాది. ఏసినాను. గడియారానికయితే పైనున్న మేకుకి ఎయ్యాలట. నాకెవులు సెప్పినారు? అద్దం తలుపు తీసి, కింద ఊగుతాది సూడు, ఆ ఇత్తడి బిళ్ళ, దానికే ముద్దబంతి దండ సుట్టీసినాను. అటూ ఇటూ పూలు ఊగుతుంటే ఎంత బాగున్నాదో. ఊపు తగ్గి, తగ్గి, గంట తిరక్కుండానే మూడూ పదికి ఆగిపోయింది.

ముప్పై ఏళ్ళయి ఆగని గడియారమట అది. ఆదివారం ఆదివారం మావగారే కీ ఇచ్చేవారు, ఇంకెవుల్నీ సెయ్యి ఎయ్యనిచ్చేవారు కాదు. ఆ సాయంత్రమే ఆయనకి జొరమొచ్చింది. మా అత్త నన్ను సూసింది, గడియారాన్ని సూసింది, మళ్ళీ నన్ను సూసింది. 

దశమి నాడు దండ తీసినారు. మీ తాత కీ ఇచ్చినాడు, నిండా ఇచ్చినాడు. ముల్లు కదల్నేదు. “పువ్వులకేటి బరువు? వాటివల్లయితే తీసినాక నడవాలి కదా. ఇది ఇంటికొచ్చిన కాలి మహిమ,” అన్నాది మా అత్త. మీ తాతకేసి తిరిగి, “రెండు గంటల బస్సుకి దీన్ని పుట్టింట్లో దింపీసి రా. మీ నాన్నకి నెమ్మదించినాక సూద్దాం.” సూద్దాం అంటే ఏటో నాకు తెల్సు. మా పెదనాన్న కూతుర్ని అలాగే సూద్దామని పంపినారు. మళ్ళీ పిలుపు రానేదు.

మీ తాత నా రేకుపెట్టె ఎత్తుకొని గుమ్మంలో నిలబడ్డాడు. ఎల్లమనడు, ఉండమనడు. మంచోడే గాని వాళ్ళమ్మ ముందు నోరు పెగల్దు. పెట్టె దించనూ నేదు, గుమ్మం దాటనూ నేదు. అది మాత్రం సెప్పుకోవాలి.

ఎల్లే ముందర ఆ బిళ్ళని సూసినాను. నిట్టనిలువుగా ఏలాడుతున్నాది. ఒడియా వాళ్ళ రజో పండక్కి డోలీలు, అవే ఉయ్యాలలు, ఏస్తారు కదా, మీ పుట్టింట్లో పురుషోత్తంపూర్లోనూ ఏస్తారు. తాడు ఎంత గట్టిదైనా ఖాళీ డోలీ దానంతటది ఊగుద్దేటి? ఎవులో ఒకలు పక్కకి లాగి ఒదలాలి. ఆ తరవాతే మనం కాలితో ఇంత ఇంత తోసుకుంటాం. అది తట్టింది. ముట్టుకుంటే ఏటంటారో అనుకున్నాను. ఎలాగూ పంపీస్తున్నారు, ఇంకేటంటారులే అనీసి, తలుపు తీసి, బిళ్ళని ఓ పక్కకి లాగి ఒదిలీసినాను.

టిక్కు. మళ్ళీ టిక్కు.

లోపల మంచం మీంచి మావగారు, “ఎవులే తోసింది?” అన్నారు.  “దిగపహండి బొట్టి,” అన్నాది మా అత్త. “ఇలా పిలు దాన్ని,” అన్నారు. అప్పుడు దించినాడు మీ తాత పెట్టె.

జొరం తగ్గినాక మావగారు సేసిన పని ఇను. దూలానికి రెండు పురికొసలు ఒకే పొడుగున కట్టినారు. ఒకదానికి కిలో రాయి, ఒకదానికి పావుకిలో రాయి. మా అత్తని కూకోబెట్టినారు. రెండూ ఒక్కసారి ఒదిల్తే కిలో రాయి బేగి వస్తాదనుకుంటాం కదా? కలిసే ఎల్లినాయి, కలిసే ఒచ్చినాయి. ఒక కొస పొట్టి సేసినారు, అది బేగి బేగి ఊగింది. “బరువుతో పనినేదు, పొడుగుతోటే,” అన్నారు. తరవాత మళ్ళీ సమానం సేసి పావుకిలోకి బంతిదండ సుట్టినారు. అది ముందు అలిసిపోయింది. “బిళ్ళ పైకెక్కినపుడు బలాన్ని ఎత్తులో దాసుకుంటాది, దిగినపుడు పరుగులో ఖర్చెడతాది. మళ్ళీ ఎక్కుతాది. గాలి మాత్రం పోనూ రానూ కొంత తింటాది. అది తిన్నంత స్ప్రింగు ఇస్తాది. మన పిల్ల దండ సుట్టి గాలికి ఎక్కువ తినబెట్టింది, స్ప్రింగు ఇవ్వనేకపోయింది. ఒకసారి ఆగినదానికి కీ సాలదు, సెయ్యి కావాలి,” అన్నారు. మావగారు ఎనిమిదో తరగతి సదివినారు మరి.

మా అత్త అంతా ఇని, “అయితే జొరమో?” అన్నాది. “అది నాను వానలో తడిసి,” అన్నారాయన.

తప్పయిందని ఆవిడ ఎప్పుడూ అన్నేదు. పై ఏడు మాత్రం దండలేసే ముందర తనే బిళ్ళని సేత్తో ఆపింది. “ఇదీ పనిముట్టే కదేటి, దీనికీ సెలవు,” అన్నాది. దశమి నాడు వంటింట్లోంచి నన్ను పిలిచి, “రా, నువ్వే తొయ్యి,” అన్నాది. అప్పట్నుంచి అంతే. గడియారానికి బొట్టు నేదు, దండ నేదు. ఆకర్న ఒచ్చిన కోడలు తోస్తాది. నా తరవాత మీ అత్త తోసింది.

ఏటలా సూస్తావు? ఇయేల దశమి. స్టూలు ఏసుకో, దానికో కాలు కుంటిది, సూసుకో. ముందు ముళ్ళు సరిసెయ్యి. మరీ దూరం లాగకు, టికే, రవ్వంత, ఇంత సాలు. ఎక్కువ లాగితే బేగి నడుస్తాదనుకోకు, పక్కన గుద్దుకుంటాది, అంతే. ఆ, ఒదిలీ.

ఇను... ఆ. సల్లగా ఉండు తల్లీ. అద్దం తలుపు ఎయ్యి, బల్లులు దూరతాయి.