దోసిట్లో నీళ్లు

మందమర్రి దాటిన తరువాత, నలభై కిలోమీటర్ల పరుగు పందెంలో ముప్పయ్యో కిలోమీటరు దగ్గర ఒక ముసలమ్మ నీళ్ల డ్రమ్ము పక్కన చెంబు పట్టుకుని నిలబడింది. గొంతు ఎండిపోయిన కుర్రాడు ఆమె ముందు ఆగాడు.

“దోసిలి పట్టు బిడ్డా, పైనుంచి పోస్త.”

“గ్లాసియ్యి అవ్వా.”

“గ్లాసున్నది, ఇయ్య. పోయినేడు అందరు దానికే మూతివెట్టిండ్రు. తెల్లారి పదిమంది వాంతులతోని దవాఖానల పడ్డరు.”

“మా తాతకు ఊళ్లె గిట్లనే పైనుంచి పోసేటోళ్లు, ముట్టుకుంటే అంటయితదని. నేను దోసిలి పట్ట.”

“కాళ్లు వణుకుతున్నయ్. పడిపోతవ్.”

“పడిపోనీ.”

“మా బాపుకు గూడ గట్లనే పోసిండ్రు కొడుకా. గందుకే నా తాన అందరికి ఒక్కతీరు. ఇందాక పందెం పెట్టిన పెద్దసారు కార్ల కూసుండి గ్లాసడిగిండు. దిగి దోసిలి పట్టుమన్న.”

“పట్టిండా?”

“అంగి మొత్తం తడుపుకుంట తాగిండు.”

కుర్రాడు చెంబు కోసం చెయ్యి చాచాడు.

“ముందుగాల నువ్వు పట్టు అవ్వా. నేను పోస్త.”

ముసలమ్మ అతని ముఖంలోకి ఒక్కసారి చూసింది. చెంబు అతని చేతికిచ్చి, కొంగు నడుములో దోపుకుని, దోసిలి పట్టి వంగింది. కడుపునిండా తాగి లేచింది.

“ఇగ నువ్వు పట్టు. మనం కొట్లాడంగ నలుగురు నిన్ను దాటి పోయిండ్రు.”

“పోనీ అవ్వా. నిండ పొయ్యి.”