వరహాలు గ్లౌజులు

భాలుబాసా బస్తీలో బంగార్రాజు ఇల్లు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది, ఇంకాసేపట్లో ఉక్కు ప్లాంటుకి బి షిఫ్టు బస్సు. బంగార్రాజు బూట్లు తొడుక్కుంటున్నాడు. అతని భార్య జగదాంబ కేరేజీ సర్దుతోంది. ఆమె తమ్ముడు వరహాలు పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు, కాళ్ళ దగ్గర ఒక గోనెసంచి.

“అది కాదు బావా. నానడిగిందేటి, నువ్వు సెప్తన్నదేటి?”

“నువ్వడిగింది ఇనబడింది. అందుకే సెప్తన్నాను. ఆ మాట ఇంక నోట రానీకు.”

“ఖలాసీల కంట్రాక్టు ఠేకేదారుదే కదా, ఆయన కాడ ఒక్క మాట బావా. సూపర్‌వైజరువి, నువ్వంటే ఇంటాడు. వరహాల్ని మల్లీ ఖలాసీ పనిలోకి తీసుకో అను. అంతే.”

“పదకొండేళ్ళు క్రేను కింద ఇనపతాళ్ళు లాగినావు. సరిపోనేదా? సేతిలో ఇంత పనెట్టుకుని మల్లీ తాళ్ళకాడికి పోతావా?”

“పనుంది. కొనీవోల్లే నేరు.”

“ఆరు నెల్లకే బెంగెట్టుకుంటే ఎలగరా? వరహాలు గ్లౌజులు అని బోర్డెట్టినోడివి.”

“బోర్డు నువ్వే రాయించినావు.”

“నానే రాయించినాను. ఏల రాయించినాను? నీ సేతిలో జాదూ ఉందిరా. నానొక్కడ్నే అన్నానా? క్రేనోల్లన్నారు, గోదాములో అన్నారు, వెల్డింగు షాపులో అన్నారు.”

“ఊరికే ఇచ్చినప్పుడన్నారు బావా. నా సేతులు కోసుకుపోతన్నాయని నా మట్టుకు ఓ జత కుట్టుకున్నాను. బాగుంది బాగుంది అంటే అందరికీ కుట్టిచ్చినాను. మాంగో బస్తీలో గది తీసి, మిషనేసి, నానూ మా ఇంటిది చిన్నమ్మీ రాత్రీ పగలూ కుడితే, కుట్టి కుట్టి దాని మెడ పట్టేసింది. తీరా ఎల్లి కొనండి అంటే, కంపెనీవి ఊరికే వత్తాయి కదా అంటన్నారు. ఎవరు? అప్పుడు ముద్దెట్టుకున్నోల్లే.”

“నువ్వు పెద్దోడివైపోతన్నావని కుళ్ళు.”

“పోలయ్యది కూడా కుళ్ళే అన్నావు.”

“కాదేటి?”

“నా పెళ్ళికి తోడిపెళ్ళికొడుకు ఆడు. ఒక్క మాటన్నాడు. తాళ్ళు లాగడానికైతే ఇయ్యి బేషుగ్గా ఉన్నాయిరా, వేడి పనికి మాత్రం అమ్మకు, నైలాను దారం ఆగదు అన్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు.”

“ఉన్నాను. ఆడు ఇరవయ్యేళ్ళ కాడ్నుంచీ వెల్డరు. ఇరవయ్యేళ్ళ తరవాతా వెల్డరే. మొన్నటి ఖలాసీ సేఠ్ అయిపోతన్నాడంటే ఆడికి నిద్దరడతాదా?”

“నువ్వలగన్నావనే ఆడి కాలరట్టుకున్నాను. ఆ దినం నుండి మాటల్లేవు.”

“మంచిదే అయ్యింది. అలగంటోడు పక్కనుంటే ఎవడూ పైకి రాడు.”

“టీ సల్లారిపోతంది తమ్ముడూ.”

“అప్పా, నువ్వైనా సెప్పు బావకి.”

“నాను సెప్పడానికేటుంది. తాగు.”

“ఒరే బామ్మర్దీ, ఇటు సూడు. ఆ సంచిలోంచి ఓ జత తియ్యి. తియ్యిరా. ఈ కుట్టు సూడు. ఇది ఖలాసీ సెయ్యేనేటి? పాతికేళ్ళుగా ప్లాంటులో తిరుగుతన్నాను, ఎన్ని కంపెనీల సరుకు సూసుంటాను? కలకత్తా నుండి వచ్చినవి కూడా ఇలగుండవు.”

“నిజంగానే అంటన్నావా?”

“నీ కాడ అబద్దమాడతానా?”

“బొటనేలు కాడ కుట్టు మార్చినాను బావా. ముందు సరిగ్గా ముడిసేది కాదు, తాడు జారిపోయేది.”

“అదీ. ఎవడికి తడతాదిరా అది? సదువుకున్న ఇంజినీర్లకి తడతాదా? ఇంకో మిషనెయ్యి నువ్వు.”

“ఇంకోటా?”

“ఒక్క మిషనుతో ఎవడు పెద్దోడయ్యాడు? వచ్చే దీపావళికి నలుగురికి పనిత్తావు నువ్వు. నాను రిటైరయ్యాక నీ గేటు కాడ కుర్చీ ఏసుకుని కూకుంటాను. రానిత్తావా నేదా?”

“నువ్వు గేటు కాడ ఏల బావా. లోపలే కూకుంటావు.”

“నవ్వినావు. సాలు. ఇంక పని పని అని నా ఎనకాల తిరక్కు. టెన్షన్ మత్ లే, బెంగెట్టుకోకు. జగదా, కేరేజీ. రెండోదేదీ?”

“రెండూ ఉన్నాయి సంచిలో.”

“రెండో కేరేజీ ఎవరికి బావా?”

“ఎవడో ఒకడు తింటాడ్లేరా. బస్సొచ్చే టైమయ్యింది. ఇంకో మిషను మాట మర్సిపోకు.”

“మర్సిపోను బావా.”

“మీ బావ మలుపు తిరిగినాడా తమ్ముడూ?”

“తిరిగినాడు. అప్పా, బావ మాటలో ఏటుందో గానీ, పొద్దున్న కాళ్ళీడ్చుకుంటా వచ్చినాను. మిషను అమ్మీద్దామని చిన్నమ్మితో అనేసి మరీ వచ్చినాను. ఇప్పుడు ఇంకోటి కొందామనిపిత్తంది.”

“ఒద్దురా.”

“నువ్వూ పోలయ్యలాగ మొదలెట్టకు.”

“ఒద్దన్నాను. ఇను. రెండో కేరేజీ మోహిత్‌కి.”

“అల్లుడికా? ఊళ్ళో నేడు, పని ఎతుక్కుంటా రాంచీ ఎల్లినాడన్నారు కదా.”

“రాంచీ నేదు, ఏటీ నేదు. ఇక్కడే ప్లాంటులో సేత్తన్నాడు. మొన్నటిదాకా ఖలాసీ.”

“మన ఠేకేదారు కాడేనా? కొత్తోల్లని తీసుకోవటం నేదన్నాడే బావ.”

“కొత్తగా తీసుకోనేదు. నీ పేరు తీసేసి ఆడి పేరెట్టినారు.”

“అదెలాగ?”

“మానేసినప్పుడు కాయితం మీద సంతకమెట్టినావు కదా.”

“ఎట్టినాను. బావే రాసినాడు, హిందీలో. నాకు మాటాడ్డమే గానీ సదవడం రాదు కదా. సదివి ఇనిపించినాడు. నా ఇష్టంతో మానేత్తన్నాను అని.”

“కింద ఇంకో వరస ఉంది. నా బద్లీకి మోహిత్‌ని తీసుకోండి అని. మానేసినోడు తన చోట తనోడినెట్టొచ్చు కదా. ఆ వరస సదవనేదు మీ బావ.”

“ఎప్పుడు సేరినాడు?”

“నీ బోర్డు కట్టిన వారంలోనే.”

“నీకు తెలుసా అప్పా?”

“టీ ఇంకొంచెం పోత్తాను, ఉండు.”

“తెలుసా?”

“మొగుడికి పని నేకపోతే నా కూతురు హిమబిందు ఎన్నాళ్ళు ఇక్కడ కూకుంటాదిరా? నానే అడిగినాను మీ బావని. తమ్ముడి సెయ్యి మంచిది, మంచిది అని నలుగురి సేతా అనిపించు, ఆడే ఎల్లిపోతాడు అన్నాను. పొగిడితే నువ్వాగవని నాకు సిన్నప్పట్నుంచీ తెలుసు. తిట్టరా. ఏదోటి అను.”

“సరే.”

“ఏటి సరే?”

“ఆ గుంట హిమబిందు బాగుంటే సరే. చోటే కదా తీసుకున్నాడు బావ. పనిని తీసుకోనేదు కదా.”

“తమ్ముడూ.”

“కాదు, నువ్వే సెప్పు. చోటు కోసం అప్పుడు పొగిడినాడు, ఒప్పుకుంటాను. ఇప్పుడాయనకి చోటు దొరికేసింది. ఇంకా ఏల పొగుడుతాడు? ఇందాక ఈ కుట్టు సూసినాడు. బొటనేలు కాడ ముడత సూసినాడు. బాగోకపోతే అంత మాటంటాడా?”

“నువ్వు మల్లీ పనికి రాకుండా అంటాడు.”

“నేదప్పా. మిగతాదంతా మోసమే అనుకో, గ్లౌజు మాత్రం బాగుంది. అది నాకు తెలుసు. ఇదిగో, ఈ కొత్త జత మోహిత్‌కియ్యి. నా చోట సేత్తన్నాడు, నా గ్లౌజే ఏసుకోమను.”

“ఆడినిప్పుడు వెల్డింగు షాపులోకి మార్చినారు.”

“మరీ మంచిది. నిప్పు కాడే తెలుస్తాది దీని సంగతి. ఏటలా సూత్తన్నావు? తీసుకో.”

“పాత జత ఒకటి ఆడికి ఉందిరా. వెల్డింగులో మొదటి దినం అదే సంచిలో ఎట్టుకున్నాడు.”

“ఏసుకున్నాడా మరి? ఏటన్నాడు?”

“మీ బావ తీయించేసి, కంపెనీవిచ్చినాడు. అయ్యి ఏసుకోకు అల్లుడూ, పోలయ్య సెప్పింది నిజమే, దారం కరిగి సేతికి అతుక్కుంటాది అన్నాడు.”