చంద్రికకు ఇరవై ఒకటి నిండిన ఏడాది

సభకు అధ్యక్షత వహిస్తున్న కేశవరావు గారికి, వేదిక మీది పెద్దలకు, వారమంతా పనిచేసి అలసిపోయి కూడా ఈ శనివారం సాయంత్రం అల్ఫారెట్టా దాకా డ్రైవ్ చేసుకుంటూ వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళంతా నేను గెలిచిన కేసుల గురించే చెప్పారు. రవికాంత్ అయితే ఓడినవాటిని కూడా గెలిచినట్టే చెప్పేశాడు. (నవ్వులు) రేపటినుంచి నా ఆఫీసు అతనిదే కాబట్టి ఆ మాత్రం మొహమాటం ఉండాల్సిందే. కానీ ఇమిగ్రేషన్ లాయరుగా నా మనసులో మిగిలిపోయిన బాధ ఒకటుంది. అది చెప్పకుండా రిటైరవడానికి మనసొప్పడం లేదు. ఆ కుటుంబం మూడో వరుసలోనే కూర్చుంది. వాళ్ళని అడిగే చెబుతున్నాను.

ఈశ్వరయ్య గారు మన వైపు ఒక చిన్న పట్టణంలో విలేకరి. కల్తీసారా ముఠా గురించి రాసినందుకు ఆయన ఇంటిమీద దాడి జరిగింది. భార్య మీనాక్షిని, కూతురు చంద్రికను, కొడుకు అవినాష్‌ను తీసుకుని 2000లో ఇక్కడికి, అమెరికాకొచ్చి అసైలం, అంటే ఆశ్రయం, కోరారు. తండ్రికి ఆశ్రయం దొరికితే భార్యకూ పిల్లలకూ దానితోపాటే దొరుకుతుంది. అయితే చట్టం దృష్టిలో పిల్లలంటే పెళ్ళికానివాళ్ళు, ఇరవై ఒకటి నిండనివాళ్ళు. 2001 సెప్టెంబరులో జరగాల్సిన విచారణ, న్యాయమూర్తికి ఒంట్లో బాగోక ఫిబ్రవరికి వాయిదా పడింది. నవంబరులో చంద్రిక ఇరవై ఒకటో పుట్టినరోజు వచ్చింది. మీనాక్షి గారు నాకు డబ్బాలో పాయసం పంపారు. ఆ పుట్టినరోజుతో ఏం పోయిందో తెలిసినదాన్ని, డబ్బా మూత తీయలేకపోయాను.

ఫిబ్రవరిలో ముగ్గురికి ఆశ్రయం దొరికింది. చంద్రిక ఇక పిల్ల కాదు గనుక, తన ప్రాణానికేం ప్రమాదమో తనే వేరుగా చెప్పుకోవాల్సి వచ్చింది. మీమీద ఎవరైనా చెయ్యి చేసుకున్నారా అని ప్రభుత్వ లాయరు అడిగారు. "లేదండీ. నాన్న నన్ను వెనక గదిలో పెట్టి తలుపేశారు," అంది. జరిగిందే చెప్పింది. ఆమె కేసు కొట్టేశారు.

బయట కారిడార్‌లో ఈశ్వరయ్య గారు నా చేతులు పట్టుకుని, "అప్పీల్ ఫైల్ చెయ్యండి మేడమ్, ఇప్పుడే చెయ్యండి," అన్నారు.

"వద్దు ఆంటీ," అంది చంద్రిక. "కాలేజీ లేదు, వర్క్ పర్మిట్ లేదు, ఎన్నేళ్ళని అపార్ట్‌మెంట్‌లో కూర్చోను? నాగపూర్‌లో పెద్దమ్మ ఉంది. వెళ్ళి చదువుకుంటా."

ఎంత నచ్చజెప్పినా వినలేదు. చివరికి, "పెద్దదాన్నయ్యానని వాళ్ళే చెప్పారు కదా ఆంటీ. మరి నా మాట వినండి," అంది.

తండ్రి మాట మీద అప్పీల్ వేసే అధికారం నాకు లేదు. నిర్ణయం ఆమెది. జూన్‌లో విమానం ఎక్కింది.

ఆగస్టులో చట్టం మారింది. తండ్రి దరఖాస్తు వేసిననాటి వయసునే లెక్కలోకి తీసుకోవాలని వచ్చింది, కానీ అప్పటికింకా నడుస్తున్న కేసులకే. అప్పీల్ వేసి ఉంటే ఆమె కేసు నడుస్తూనే ఉండేది. ఆ కబురు ఈశ్వరయ్య గారికి ఫోన్ చేసి చెప్పింది నేనే. ఆయన, "సరే మేడమ్, థాంక్యూ," అని పెట్టేశారు.

తనకు గ్రీన్‌కార్డు రాగానే కూతురి కోసం పిటిషన్ వేశారు. ఈలోగా పెళ్ళి చేసుకుంటే అది చెల్లకుండా పోతుంది. ఆ మాట కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. చంద్రిక నాగపూర్‌లో చదువు ముగించి, అక్కడే కాలేజీలో పాఠాలు చెబుతూ, వచ్చిన సంబంధాలన్నీ కాదంటూ ఎదురుచూసింది. 2009లో మీనాక్షి గారు క్యాన్సర్‌తో మంచాన పడితే, చూడ్డానికి విజిటర్ వీసా అడిగింది. వస్తే తిరిగి వెళ్ళదని ఇవ్వలేదు. తల్లి పోయేముందు, చంద్రిక మాటలు వినబడేలా ఆమె చెవి దగ్గర ఫోన్ పెట్టి పట్టుకుంది అవినాషే.

పోయిన ఏడాది, ఇన్నాళ్ళకు ఆ పిటిషన్ వంతు వచ్చి, చంద్రిక వచ్చింది. ఎయిర్‌పోర్ట్‌కి నేనూ వెళ్ళాను. ఆమె వెళ్ళేనాటికి బడిపిల్లాడైన తమ్ముడు, ఆరడుగుల మనిషై ముందు నిలబడ్డాడు. చంద్రిక తడబడి, "మీరు... అవినాషేనా?" అంది.

"యా అక్కా, నేనే," అన్నాడు. ఇద్దరూ అలాగే నిలబడిపోయారు.

"తమ్ముణ్ణి పట్టుకుని మీరంటావేంటే!" అని నవ్వబోయి, ఈశ్వరయ్య గారు ఏడ్చేశారు.

మమ్మల్ని కలిపారు మేడమ్ అని ఆయన ఈ రోజుకీ అంటారు. నేను కలిపింది ఒకరికొకరు పెద్దగా తెలియని ముగ్గురు పెద్దవాళ్ళను.

నన్ను ఇంతకాలం ఆదరించిన మీకు, భోజనాల వేళకు ఏనాడూ ఇంట్లో లేని నన్ను భరించిన మావారు మోహన్ గారికి కృతజ్ఞతలు. చంద్రికా, ఇన్నేళ్ళలో నువ్వు నన్ను ఒక్క నిష్ఠూరపు మాట కూడా అనలేదు. ఒక్కసారి అనుంటే నాకు కాస్త తేలికగా ఉండేదమ్మా. ఇక సెలవు.