ఖాళీ ఇంటికొచ్చిన పాలాయన

పోచంపల్లి బస్టాండు కాడ, సైదమ్మ చాయ్ హోటల్ల చీరలు నేసే బిక్షం నోరు తెరిచిండంటే అందరి చాయ్ సల్లారిపోవాల్సిందే. ఇయ్యాల పక్కన బిడ్డ హారిక గూడ ఉంది. కంప్యూటర్ల లోపల నెట్ నడిపించే కోడ్‌ల ఒక తప్పు పట్టుకొని, సరిచేసి పంపిందామె. ఆ కోడ్‌ను చూసుకునే పెద్దోళ్లు ఇంతకుముందు వాపస్ కొట్టిండ్రు. ఈసారన్న ఒప్పుకుంటే కొలువు పక్కా. ఆమె ప్రాణమంత చేతుల ఉన్న ఫోన్ మీదనే ఉంది. తండ్రికి మాత్రం ఏ ఫికర్ లేదు.

"గా తప్పుకు మందు చెప్పింది నేనే," అన్నడు బిక్షం. "కిరాయికున్నోడు ఇల్లు ఖాళీ చేసిండు, పాలాయనకు చెప్పలే. ఆయన టైముకొచ్చి, కొత్తగ దిగినోళ్ల పప్పుగిన్నెల పాలు పోసిండు. కంప్యూటర్ల, చెప్పిన టైముకు పని జేసే టైమర్ గూడ గంతే! కనెక్షన్ పోయినంక వచ్చి ఎవల జాగలనో చెయ్యి పెడ్తది, మిషన్ ధడేల్మని పడ్తది. 'బిడ్డా, పాలాయనను రావద్దను. తొవ్వల ఉంటే వచ్చిపోయేదాంక ఆగి, అప్పుడు తాళమెయ్యి' అన్న. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"ఏమైందే?" అన్నడు ఆటో నడిపే యోహాను.

"మా ఇంట్ల నెట్ ఉరుకవట్టింది. పట్నంల మూగవోయిన ఫోన్లన్నీ ఒక్కపారే మోగినయి. ఎటు పోవాల్నో తెల్వక మొగులు మీద నిలవడ్డ విమానాలు వరుసగట్టి దిగినయి."

"విమానం నిలవడ్తదా బిక్షమన్నా?"

"నిలవడ్డదంటున్న గద! ఇగ ఉపగ్రహమైతే సక్కగ మా మగ్గం కాడికే దిగి, 'బతికించినవయ్యా' అని దండం పెట్టి, ఒక చీర గట్టుకొని పోయింది. బేరం గూడ ఆడలే!"

హారిక సిగ్గుతోని తల వంచుకుంది. గప్పుడే ఫోన్ మోగింది. సదువుతాంటే ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"ఒప్పుకున్నరు బాపూ!"

హోటలంత సప్పట్లు. సైదమ్మ సంబురంగ ఆమె తల నిమిరి, "నిజం చెప్పు బిడ్డా, దీంట్ల మీ బాపు చెయ్యి ఉందా?" అనడిగింది.

"చెయ్యి లేదు పెద్దమ్మా, నోరుంది. పాలాయన ముచ్చట బాపుకు సమజ్ గావాల్నని నేనే చెప్పిన. కానీ సరిచేసి పంపిన కోడ్ తోని బాపు పేరు గూడ రాసిన. దునియ మొత్తం సదువుతది."

బిక్షం ఛాతీ ఉబ్బిచ్చి లేచి నిలవడ్డడు. "ఇన్నరా? ఏమని రాసినవ్ బిడ్డా, గట్టిగ చెప్పు!"

"చీరలు చూపెడ్తుంటే వీడియో ఆగిపోతాందని రోజు నా పానం తిన్నవు గద. సరిచేసినోళ్లు హారిక, లొల్లి పెట్టినోళ్లు బిక్షం అని రాసిన."