మీటరు మాట, పిల్ల మాట

ఘనాలో, టోగో సరిహద్దు పక్కన ఓ ఊరు. పట్టపగలు. కల్లుగీసే అగ్బెకో, అతని భార్య ఎన్యో. ఇద్దరి మధ్యా చాప మీద కూతురు సెలాసి.

"సూది నింపి ఉంచా. పట్టుకో, పిల్ల తొడ కదలకుండా పట్టుకో."

"ఆగవే, ఆగు! తోటలోంచి పరిగెత్తుకొచ్చా, ఊపిరి తీసుకోనీ. అసలేమైంది?"

"ఏమైందా? నీ కూతురు కల్లు కుండలో చెయ్యి పెట్టింది. మోచెయ్యి దాకా! పొద్దున నువ్వు తెచ్చిన తీపి కల్లు, ఇంకా పులవనిది. చూసి కుండ లాక్కున్నా."

"తాగిందా?"

"తాగే ఉంటుంది. ఒంట్లో చక్కెర జబ్బు పెట్టుకుని తీపి కుండ దగ్గరేం పని దానికి? వీపు మీద ఒకటిచ్చా. అలా వెళ్లి చాప మీద పడింది, మళ్లీ లేవలా."

"కొట్టావా?"

"ఒక్కటే... ఇప్పుడది కాదు! చక్కెర చూసే మీటరు పెట్టి చూశా. ఇరవై తొమ్మిది!"

"ఇరవై తొమ్మిదా? ఈ మీటరు లెక్కలో నాలుగుకీ పదికీ మధ్య ఉండాలంది నర్సమ్మ, పది దాటితేనే భయపడమంది కదా!"

"అందుకే ఈ చక్కెర దించే సూది. పట్టుకో."

"ఉండు. ఒళ్లు చూడు, మంచులా ఉంది. జాకెట్టంతా తడిసిపోయింది. ఇదేం చెమట ఎన్యో?"

"ఎండ."

"నీడలో ఉన్న పిల్లకి ఎండేంటి? పెదాలు చూడు, ఎలా వణుకుతున్నాయో. సెలాసీ! నాన్నని చూడమ్మా. కళ్లు తెరువు."

"పిలిస్తే పలికేదైతే నిన్నెందుకు పిలిపిస్తా? మీ తమ్ముడు మోటారు సైకిలు కోసం పోయాడు, వస్తాడో రాడో. ఆసుపత్రి చూస్తే కొండ అవతల. నువ్వేమో చెమట లెక్కపెడుతున్నావు!"

"పోయిన వానల్లో ఇలాగే వణికింది, గుర్తుందా? నర్సమ్మేమంది? చక్కెర పడిపోయిందంది. పెరగలేదు, పడిపోయిందంది."

"అప్పుడు మీటరు రెండు చూపించింది. ఇప్పుడు ఇరవై తొమ్మిది. బడికి పోకపోతే పోయావు, రెండుకీ ఇరవై తొమ్మిదికీ తేడా కూడా తెలీదా?"

"తెలుసే. రోజూ కల్లు సీసాలు లెక్కపెట్టి అమ్మేది నేనే కదా?"

"ఆ మీటరు ఏరికోరి తెచ్చిందీ నువ్వే. సంతలో నువ్వు చేసిన బేరం ఊరంతా కథలా చెప్పుకొచ్చావు."

"కథ కాదు, నిజం. కొట్టువాడు నిగనిగలాడేవన్నీ పరిచాడు. ఇది మాట్లాడుతుందన్నాడు, అది ఫోనుకి కబురు పంపుతుందన్నాడు. మాట్లాడేదొకటి ఇంట్లో ఉంది, రెండోది వద్దన్నా. నేనడిగింది ఒక్కటే. నెత్తురు చుక్క అద్దడానికి దీనికి పెట్టే పట్టీలు మా ఊరి మందుల కొట్లో దొరుకుతాయా? దొరికేవి దీనికొక్కదానికే. తెచ్చా."

"నర్సమ్మ మెచ్చుకుంది కదా? మరి ఇప్పుడు నమ్మవేం? అదీ నీలాగే అబద్ధాలాడుతుందా?"

"అదే నాకూ అర్థం కావట్లా..."

"నువ్వు పట్టుకోకపోతే నేనే వేస్తా. జరుగు."

"వద్దు! ఎన్యో, వద్దు! చక్కెర పడిపోయి ఉందనుకో, నువ్వా సూది వేశావంటే పిల్ల ఇంక లేవదు."

"పెరిగి ఉండి వెయ్యకపోయినా లేవదు! ఏం చెయ్యమంటావు? చెప్పు, నన్నేం చెయ్యమంటావు?"

"అరవకు. బుగ్గలు తట్టు, నిద్రపోనివ్వకు. సెలాసీ, విను, ఇవాళ కల్లు తియ్యడానికొక చెట్టు నరికి పడేశా. అదెంత పొడుగంటే, మొదలు మన గట్టు మీదే ఉంది, తల వెళ్లి టోగోలో పడింది. అక్కడి పోలీసు పరిగెత్తుకొచ్చి, ఈ చెట్టుకి పాసుపోర్టేదీ అన్నాడు. అయ్యా, వేళ్లు మావి, తల మీది, కల్లు మధ్యలో ఉంది, ముందు తాగు, మత్తు ఏ దేశంలో ఎక్కిందో తర్వాత రాసుకో అన్నా. వింటున్నావా తల్లీ?"

"ఎప్పుడూ 'అబద్ధం నాన్నా' అంటుంది."

"అంటుంది."

"ఇవాళ అనట్లా, సెలాసి నాన్నా."

"...ఆ తేనెటీగని తోలు."

"పిల్ల పోతుంటే నీకు తేనెటీగా?"

"తోలినా మళ్లీ అక్కడికే వస్తోంది చూడు. ఇంత మనిషిని, ఒళ్లంతా కల్లు వాసన, నన్నొదిలేసి దాని వేలి మీదే వాలుతోంది. ఏ వేలు పొడిచావు?"

"అదే... ఆ వేలే."

"కడిగావా?"

"తుడిచా."

"కడిగావా అని అడిగా."

"తుడిచానంటున్నాగా! గుడ్డ పెట్టి గట్టిగా తుడిచా."

"ఏ గుడ్డ?"

"ఇదిగో, ఈ..."

"ఇది కల్లు వడకట్టే గుడ్డే!"

"శుభ్రంగానే ఉంది, పొద్దున..."

"చెయ్యి ఇటివ్వు తల్లీ. ఎన్యో, నాకి చూశా. చెరుకు ముక్కలా ఉంది వేలు. మీటరు చెప్పింది పిల్ల నెత్తురు సంగతి కాదే. నా కల్లు సంగతి."

"అంటే... అంటే ఎంతుందో..."

"మనకి తెలీదు. నీళ్లు తే. సబ్బు తే. రెండో చెయ్యి కడుగు, మోచెయ్యి దాకా కడుగు. పట్టీ ఉందా?"

"ఒక్కటే ఉంది."

"తడి లేకుండా తుడువు. ఆ గుడ్డ కాదు! నీ నడుం గుడ్డ. ఆ... ఇప్పుడు పొడువు."

"చుక్క రావట్లా. చల్లబడిపోయింది వేలు. రావట్లా!"

"చెయ్యి కిందకి వేలాడదియ్యి. మొదట్నుంచి కొస దాకా నిమురు. నిమురు, నిమురు... అదిగో! పెట్టు, పెట్టు!"

"చూస్తోంది ఇంకా..."

"ఎంత?"

"ఉండు, అంకె పడుతోంది."

"ఎన్యో, ఎంత?"

"ఒకటి... ఒకటి, మధ్యలో చుక్క, తొమ్మిది. రెండు కూడా లేదు!"

"సూది పక్కన పెట్టు! కుండ తే!"

"ఆ కుండేనా?"

"ఇంట్లో చక్కెర ఎక్కడుంచావు నువ్వు? జబ్బొచ్చినప్పట్నుంచీ చీమకి కూడా దొరకనిచ్చావా? తే! పడుకోబెట్టి పొయ్యకు, పొలమారుతుంది. కూర్చోబెట్టి నా గుండెకి ఆనించు. వేలితో చిగుళ్లకి రాయి. కొంచెం. ఇంకొంచెం."

"మింగట్లా."

"మింగుతుంది."

"మింగట్లా అగ్బెకో, పక్కనించి కారిపోతోంది!"

"మళ్లీ రాయి. సెలాసీ, మింగు తల్లీ. నాన్న ఇంకే అబద్ధం చెప్పడు, మింగు."

"...గొంతు కదిలింది! మింగింది, చూశావా, మింగింది!"

"ఇంకో చుక్క. తొందరపడకు. ఆ, అలా. ఇప్పుడు చెంబుతో, కొంచెం కొంచెంగా."

"దేవుడా, వేసేసేదాన్నే. నువ్వింకాస్త ఆలస్యంగా వచ్చుంటే వేసేసేదాన్నే..."

"ఏడుపు తర్వాత. పట్టు."

"కళ్లు తెరిచింది! సెలాసీ, అమ్మనే. నేనే. ఎంత పని చేశావే! ఆ కుండలో చెయ్యెందుకు పెట్టావు? తీపి మీద అంత ఆశైతే నన్నడగొచ్చు కదా!"

"ఆశ కాదమ్మా... వణుకొచ్చింది. వణుకొస్తే ఏదైనా తియ్యటిది తాగమంది కదా నర్సమ్మ. నోటి దాకా తెచ్చుకున్నా. నువ్వు లాగేసుకున్నావు."