మూడో వరుసలో కిటికీ సీటు

"ఆరు అక్షరాలది కాదు రజితా, పదమూడు అంకెలది కొట్టు. టికెట్ నంబర్."

"గదే కొట్టిన. మళ్ల ఎర్రగ వస్తున్నది."

"కాయితం కింద ఉంటది సూడు. చిన్నక్షరాల."

"చిన్నక్షరాలు నాకు కనవడ్తలేవయ్యా."

"పసిపోరల చేతుల నరం దొర్కవట్టి సూదేసేదానికి అక్షరాలు కనవడ్తలేవా?"

సూర్యాపేటలో ఒక కిరాయి ఇంటి ముందు గది. మంచం మీద మూడు దిండ్లకు ఆని కూర్చున్నాడు జితేందర్. పక్కన కుర్చీలో, అతని ఫోన్ చేత్తో పట్టుకుని, భార్య రజిత. పదకొండేళ్లు సముద్రం మీద చమురు బావుల దగ్గర వెల్డరుగా చేసి, రెండు నెలలకోసారి విమానమెక్కి దిగినవాడు అతను. ఏడాదిన్నరగా నరాల జబ్బుతో ముందు చేతులు, తర్వాత కాళ్లు అతని మాట వినడం మానేశాయి. ఇంట్లో ఇంకా కూతురు జమున, అతను 'యాడీ' అని పిలిచే తల్లి ఉన్నారు. రజిత ఈ ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. డబ్లిన్‌లో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల తొమ్మిదో తారీఖుకు టికెట్టు కూడా కొన్నారు. ఇన్నేళ్ల ప్రయాణాలకు తన పేరున జమపడిన పాయింట్లతో ఆ టికెట్టును ముందు తరగతికి, అంటే బిజినెస్ క్లాసుకి, మార్పించాలని మూడు రోజులుగా జితేందర్ పట్టుబట్టి ఉన్నాడు.

"నీ పాయింట్లు ఒక కంపెనీవి, నా టికెట్ ఇంకో కంపెనీది. ఎట్ల జెల్తయయ్యా?"

"రెండిటికి దోస్తానా ఉన్నది. దీని పాయింట్లు దాంట్ల జెల్తయి."

"జెల్తే మరి ఎర్రగెందుకు వస్తున్నది?"

"దోస్తానే గద, సుట్టరికం కాదు. జర సతాయిస్తరు. మళ్ల కొట్టు."

"ఇడ్సిపెట్టరాదు. వెనక సీట్ల కూసుంటే డబ్లిన్ రాదా?"

"వస్తది. నీ మోకాళ్లు రావు."

"నువ్వు పదకొండేండ్లు వెనకనే కూసున్నవ్ గద."

"అందుకే జెప్తున్న. ఎక్కంగనే ఆళ్ల నడుమకెళ్లే పోవాలె. ముందట కూసున్నోళ్లు అప్పటికే కాళ్లు సాపుకొని, చేతిల గ్లాసు వట్టుకొని ఉంటరు. మనం బ్యాగు పొట్టకానిచ్చుకొని, ఎవ్వరికి తాకకుంట... ఎన్నిపాల్లు ఎక్కినా, గా పదడుగులు నేను కిందికి సూసుకుంటనే నడ్సిన."

"ఎందుకు?"

"ఏమో. ఊకెనే."

"పాయింట్లుండె గద. అప్పుడే వాడుకోకపోతివి?"

"ఇద్దరికి సరిపోయేదాక ఆగుదామనుకున్న."

"ఇద్దరం ఏడికి పోతుంటిమి?"

"ఏడికో ఒకకాడికి. జమునను యాడి కాడ ఇడ్సి. ఇంకో ఏడాది చేస్తే సరిపోతుండె."

"నీళ్లు తాగుతవా?"

"మాట మార్చకు."

"మారుస్తలేను. పెదాలెండినయి, అందుకే అడిగిన."

"ఎండనియ్యి. కోదాడ ప్రశాంతి మేడంకు కలుపు. ఎప్పుడు సెలవు మీదికి వచ్చినా నా టికెట్లన్ని ఆమెనే జేసేది. నీ ఫోన్ల కలుపు, పెద్దగ వినవడెటట్టు పెట్టు."

"అమ్మా రజితా..."

"ఏందత్తా? పొయ్యి మీద ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు బిడ్డా. నువ్వు పొయ్యేది ఖాయమేనా అని."

"ముందుగాల ఈ టికెట్ పని గానియ్యి అత్తా."

"ఖాయమేనే యాడీ. ఎన్నిపాల్లు అడుగుతవ్? నువ్వు బియ్యం కడుగుపో."

"హలో. చెప్పండి జితేందర్ గారూ, ప్రశాంతిని. ఎలా ఉన్నారు?"

"గట్లనే ఉన్న మేడం. మా ఆమె ఫోన్ పట్టుకున్నది. అప్‌గ్రేడ్ పడ్తలేదు."

"రూలు ప్రకారం మెంబరే చెయ్యాలండి, నేను చెయ్యకూడదు. పక్కనుంచి చెప్తాను. రజిత గారూ, ఆయన ఫోన్లో యాప్ తెరిచే ఉందా?"

"ఉన్నది మేడం."

"పైన మూడు గీతలున్నాయా? అది నొక్కి, కిందికి రండి. పార్ట్‌నర్ ఎయిర్‌లైన్స్ అని వేరే ఉంటుంది. మామూలు చోట కొడితే ఎర్రగానే వస్తుంది."

"దొరికింది. ఇగో, నంబర్ తీస్కున్నది."

"రెండు విమానాలు చూపిస్తోందా?"

"చూపిస్తున్నది. ఒకటి తెల్లగున్నది, ఒకటి నీలం రంగుల."

"తెల్లది కుదరదండి. మీది తక్కువ తరగతి టికెట్టు కదా, హైదరాబాద్ నుంచి గల్ఫ్ దాకా మార్చనివ్వరు. అక్కణ్ణించి డబ్లిన్ దాకా మాత్రం కుదురుతుంది. ఎనిమిది గంటల ప్రయాణం."

"గదే కావాలె మేడం. నాలుగు గంటలేమున్నది, కూసుంటది. సీట్లున్నయా?"

"ఒక్కటే చూపిస్తోందండి. మూడో వరుస, కిటికీ పక్కన."

"విన్నవా? కిటికీ పక్కనంట."

"విన్న."

"కానీ సర్, దాదాపు ఉన్న పాయింట్లన్నీ పోతాయి."

"పోనియ్యిండ్రి."

"ఇంకో మాట. నేను చెప్పి తీరాలి. ఒకసారి నొక్కాక, ఆ రోజు ప్రయాణం చెయ్యకపోతే పాయింట్లు వెనక్కి రావు."

"..."

"హలో? ఉన్నారా?"

"ఉన్నం మేడం."

"రజిత గారూ, మీరు విన్నారా?"

"విన్న."

"మేడం, నాది గూడ ఒక మాట. మెంబరే లేకపోతే పాయింట్లేమైతయి?"

"లేకపోతే అంటే..."

"లేకపోతే అంటే లేకపోతే."

"ఏమయ్యా, ఇప్పుడా ముచ్చటెందుకు?"

"నువ్వాగు. జెప్పుండ్రి మేడం."

"కొన్ని కంపెనీలు ఇంట్లోవాళ్లకి ఇస్తాయండి. మీ కంపెనీ ఇవ్వదు. ఖాతా మూసేస్తారు."

"విన్నవా రజితా?"

"నాకెందుకు జెప్తున్నవ్? నేనడిగిన్నా?"

"విన్నవా లేదా?"

"విన్న. అన్ని విన్న. చెవులున్నయి నాకు."

"అమ్మా, ఇప్పుడు ఆయన ఫోన్‌కి కోడ్ వస్తుంది. అయిదు నిమిషాల్లో కొట్టాలి. నేను లైన్లోనే ఉంటాను."

"వచ్చింది."

"కొట్టు."

"కొడ్తున్న."

"రజితా, కొట్టు."

"చేతులు చెమట వట్టినయి. అంకె తప్పు వడ్తున్నది."

"కొంగుకు తుడ్సుకో. ఫోన్ నా ముందట వెట్టు, నేను అంకెలు జెప్త, నువ్వు కొట్టు. ఏడు."

"ఏడు."

"సున్న."

"సున్న."

"నాలుగు. నాలుగే గద అది?"

"నాలుగే."

"మళ్ల నాలుగు. తొమ్మిది. రెండు."

"... రెండు."

"ఏమొచ్చింది?"

"తిరుగుతున్నది."

"ఇప్పుడు?"

"పచ్చగ వచ్చింది."

"శుభం అండీ. ఇక ఆ సీటు రజిత గారిదే. ఉంటాను సర్."

"మేడం, కాయితం. మా ఆమె రేపు కోదాడ వచ్చి తీస్కుంటది. ఫోన్ల గాదు, కాయితం మీద సూడాలె నేను."

"తప్పకుండా. పంపించండి."

"ఏమయ్యా, గంట సేపు బస్సుల పోవాల్నా ఒక్క కాయితానికి? సూర్యాపేటల ప్రింట్లు తియ్యరా?"

"ఆమె దగ్గర మంచిగొస్తది. గిటు సూడు, నేను జెప్పేది విను. సీటు పక్కన మీటలుంటయి. ఒకటి ఒత్తినవంటే సీటంత సాపుగ మంచమైతది. సిగ్గువడకు. పక్కనోడు సూస్తడని ముడుసుకొని కూసోకు. పండుకో."

"నిన్ను ఎడమకో కుడికో తిప్పకుంట నాకు నిద్రెట్ల వడ్తదయ్యా?"

"యాడి తిప్పుతది నన్ను. గా ఎనిమిది గంటలు ఎవ్వర్ని తిప్పేది లేదు నువ్వు. దుప్పటి మెత్తగుంటదంట. అన్నం గూడ పింగాణి పళ్లెంల పెడ్తరంట. ఏం గావాలె అనడుగుతే, ఏదైనా ఫర్వలేదు అనకు. మీ ఆడోళ్లందరిది అదే మాట. ఇది గావాలె అని సూపెట్టి అడుగు."

"సరే."

"నవ్వుతున్నవా?"

"నువ్వు కూసోనోనివి నాకు కూసునుడు నేర్పుతున్నవని."

"సూసిన గద. పదకొండేండ్లు సూసుకుంటనే పోయిన."

"కింద సూసుకుంటనే నడ్సిన అంటివి?"

"ఒక్కో మాటు తల లేపిన లే."

మరునాడు మధ్యాహ్నం. కోదాడ బస్టాండు దగ్గర, ప్రశాంతి నడిపే చిన్న టికెట్ల దుకాణం. గిరాకీ లేదు. ఫ్యాను కింద ఇద్దరే ఉన్నారు.

"రండి రజిత గారూ. ఎండనబడి వచ్చారు. ముందు కూర్చోండి."

"మునగాల కాడ బస్సు శానసేపాగింది మేడం. కాయితం తీస్తరా?"

"తీస్తున్నాను. ఒకటి చాలుగా?"

"చాలు. రంగుల తియ్యుండ్రి, జర పెద్దగ. గోడకు అతికిస్త. మంచంలకెళ్లి కనవడాలె."

"అలాగే. సామాను సంగతి చెప్పనా? ముందు తరగతి కాబట్టి రెండో విమానంలో ఇంకో పెట్టె..."

"వద్దు మేడం."

"అక్కడ దిగేటప్పటికి చలి కదా, చేతి సంచీలో ఒక స్వెట్టరు..."

"మేడం. నేను పోతలేను."

"చెప్పండమ్మా."

"పోయిన వారమే డబ్లినోళ్లకు రాలేనని రాసి పంపిన."

"మరి టికెట్టు?"

"రద్దు జేస్తే ఆయిన ఫోన్‌కు మెసేజ్ వస్తది. అందుకే ఆపిన."

"నిన్న చెప్పాను కదమ్మా, ఎక్కకపోతే పాయింట్లు వెనక్కి రావని. తెలిసే నొక్కారా?"

"తెలిసే నొక్కిన. మీరే అంటిరి గద, మనిషి లేకపోతే అవి గూడ ఉండయని."

"అంత మాట ఎందుకమ్మా..."

"డాక్టర్ జెప్పిండు మేడం. పోయిన నెల హైదరాబాద్ పోయినప్పుడు నన్ను పక్కకు పిల్సిండు. ఇప్పుడు ఊపిరి మీదికి వచ్చిందంట. దసరా దాక అన్నడు. గంతకంటె ఎక్వ లేదన్నడు. నర్సుతోని మాట్లాడుతున్నమని ఆళ్లు దాసిపెట్టరు గద, నిమ్మళంగ జెప్పేస్తరు."

"అయ్యో."

"రెండేండ్ల ఒప్పందం మీద పోయి, నేనెవరి ఒళ్లు తుడువాలె ఆడ? నా మనిషి ఇంట్ల ఊపిరాడక కొట్టుకుంటుంటే, డెబ్బై ఏండ్ల ముసల్ది తిప్పుతదా ఆయిన్ని?"

"సర్‌కి చెప్పలేదా?"

"డాక్టర్ మాట జెప్పలే. పోతలేనని గూడ జెప్పలే. జెప్దామనే పోయిన మేడం, ఒట్టు. అదే నాడు పాయింట్ల ముచ్చట ఎత్తుకున్నడు. ఎండకాలం సంది మనిషి గోడ దిక్కు మొఖం వెట్టుకొని పండిండు. అన్నం తినుమంటే లేదు, పలకరిస్తే లేదు. అటువంటిది, అంకెలు తప్పు కొడ్తున్నవని నన్ను తిట్టవట్టె. తిట్టి తిట్టి ఆకలైతుందనవట్టె. రెండు ముద్దలు ఎక్వ తిన్నడు. నడుమల ఎట్లాపాలె చెప్పుండ్రి?"

"తొమ్మిదో తారీఖున ఏం చెప్తారు మరి?"

"తెల్వదు. మిర్యాలగూడల మా అక్క ఉన్నది, పొద్దుగాల పెట్టె వట్టుకొని ఆడిదాక పోయి మర్లొద్దునా అని గూడ అనుకున్న. పిచ్చి ఆలోచన. దిగినవా అనడుగుతడు గద. ఏమో మేడం. ఆ దినం దాకనన్న నడ్వనియ్యుండ్రి. ఆయినకు మీరు జెప్పకుండ్రి. ఎప్పుడన్న ఫోన్ జేస్తే గూడ జెప్పకుండ్రి."

"నేను చెప్పడానికేం లేదమ్మా."

"అంటే?"

"ఆయన చేశారు ఫోను. నాలుగు రోజులైంది. మీరు డ్యూటీలో ఉన్నప్పుడు."

"ఎట్ల జేస్తడు? ఫోన్ పట్టుకునుడే రాదు గద."

"మీ పాప చెవి దగ్గర పట్టుకుంది. కాసేపయ్యాక, నువ్వు బయటికి పో బిడ్డా, ఫోను దిండు మీద పెట్టి పో, అనడం వినిపించింది."

"జమున నాతోని ఒక్క మాట అనలే. ఏమడిగిండు?"

"మీరు రాసినదానికి డబ్లిన్ వాళ్లు జవాబిచ్చారట. అది ఆయన మెయిల్‌కి వచ్చింది."

"దరఖాస్తు ఆయిన మెయిల్ తోనే పెట్టిన. నాది... నాది సక్కగ పనిజెయ్యకుండె."

"పాప చదివి వినిపించిందట."

"అయితే ఆయినకు..."

"తెలుసమ్మా. మీరు వెళ్లడం లేదని తెలుసు. ఎందుకు వెళ్లడం లేదో కూడా తెలుసు. నా ఒంటి సంగతి నాకు డాక్టరే జెప్పాల్నా మేడం, అన్నారు."

"మరి ఈ లొల్లంత ఎందుకు? మూడు దినాలు నన్ను కూసోవెట్టి, అంకెలు జెప్పి, దుప్పటి మెత్తగుంటదని, పళ్లెమని... తెలిసీ ఎందుకు జేసిండు?"

"నేనూ అదే అడిగాను. ఆమె ఎక్కరని తెలిసి తెలిసి ఉన్నవన్నీ ఎందుకు పోగొట్టుకుంటారు సర్, అన్నాను."

"ఏమన్నడు?"

"'ఎక్కకపోతే మానె మేడం. రజిత పేరు ఒక్కపాలన్న ఆ ముందు సీటు మీద పడనియ్యుండ్రి' అన్నారు."